ఉయ్యాల చేబదులే ఇవ్వాలి

మీ చిన్నది ఉయ్యాలలో పడుకుంటే పాదాలు అవతలి చెక్కకు తగులుతున్నాయంటే, ఈపాటికి మీ ఇంట్లో మాట మొదలయ్యే ఉంటుంది. ముందు అత్తగారు అంటారు, "ఇంకెన్నాళ్లమ్మా, ఎవరికైనా ఇచ్చేయరాదూ" అని. తరవాత పక్క ఫ్లాటావిడ. ఆ తరవాత మీ ఆయన. అందరూ మీ మంచికే చెబుతారు. ఎవరి మాటా వినకండి.

నేను ఒకసారి విన్నాను. మా పెద్దదాని బేబీ కాట్‌ను బీ బ్లాకులో ఎవరికో 2,500 రూపాయలకు అమ్మేశాను. మూడు నెలల తరవాత ఒక మధ్యాహ్నం మేడ మీద వడియాలు పెడుతూ అటు చూస్తే, వాళ్ల బాల్కనీలో అది కనిపించింది. అందులో ఉల్లిపాయలు, పాత పేపర్లు, విరిగిన గొడుగు. కటకటాల సందుల్లోంచి ఉల్లిపొట్టు గాలికి ఎగురుతోంది. వాళ్ల పాప అందులో పడుకోనంటే పడుకోనని ఏడ్చిందట, దాంతో బయట పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. డబ్బిచ్చి కొనుక్కున్నారు, వాళ్ల ఇష్టం. కానీ ఆ కాట్ పైకమ్మీ మీద, కుడిచేతి వైపు, మా పెద్దదానికి పళ్లొచ్చేటప్పుడు కొరికిన గాట్లు ఉన్నాయి. పైన రెండు, కింద రెండు. కంటికి ఆనేవి కావు, వేలితో తడిమితే తెలిసేవి. వానాకాలం వచ్చేసరికి ఆ కమ్మీ ఉబ్బి రంగు పెచ్చులుగా లేచిపోయింది. ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆ వైపు కిటికీ తెర తీయడానికి నాకు ఇప్పటికీ చెయ్యాడదు.

అందుకే రెండోదాని ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి నా పద్ధతులు నేను పెట్టుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ అవి నచ్చలేదు. మీ ఇంట్లోనూ నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా పాటించండి.

ఉయ్యాల ఎవరిదో ముందు తేల్చుకోండి

బిడ్డదే అనుకుంటారు అందరూ. అందుకే బిడ్డ ఎదగ్గానే దాని పని అయిపోయిందంటారు. కాదు, ఉయ్యాల ఊపినవాళ్లది. బిడ్డ అందులో నిద్రపోయింది, అంతే. దానికేం గుర్తుంటుంది? రాత్రి రెండింటికి లేచి, మంచం మీద సగం పడుకుని, చూపుడువేలికి తాడు చుట్టుకుని, కునికిపాట్లు పడుతూనే లాగింది మనం. నా కుడి చూపుడువేలి మొదటి కణుపు దగ్గర తాడు ఒరుసుకున్న చోట చర్మం ఇంకా గరుకుగానే ఉంది. పాపకు మూడేళ్లు నిండాయి, వేలు మాత్రం మరిచిపోలేదు. కాబట్టి ఉయ్యాల ఎప్పుడు తీసేయాలన్న లెక్క పాప పొడుగును చూసి వేయకండి, మీ వేలిని చూసి వేయండి.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. పిల్లను దించడం వేరు, ఉయ్యాలను ఇవ్వడం వేరు. దించే విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. అమెరికాలో పిల్లల డాక్టర్లు బిడ్డ 35 అంగుళాల పొడుగు వచ్చేసరికి కటకటాల మంచం మాన్పించమంటారు, ఎక్కి అవతలికి దూకుతారు కాబట్టి. వేలాడే ఉయ్యాలకు అంతవరకు కూడా ఆగక్కర్లేదు. బిడ్డ అంచు పట్టుకుని లేచి నిలబడే ప్రయత్నం చేసిన నాడే అందులో పడుకోబెట్టడం మానేయాలి. మా చిన్నది తొమ్మిదో నెలలో లేచి నిలబడబోయింది. ఆ పూటే నేల మీద పరుపు వేసి దాన్ని అక్కడికి మార్చాను. ఆ తరవాత ఆ ఉయ్యాలలో అది ఎక్కింది నేను పక్కన కూర్చుని పట్టుకుని ఉన్నప్పుడే, ఆటకే. అదంతా పిల్ల క్షేమం కోసం. ఉయ్యాల క్షేమం సంగతి వేరే చూసుకోవాలి.

ఇంకో మాట. పిల్లను అడగకండి. ఈ మధ్య అందరూ పిల్లల్ని అడిగి చేయాలంటున్నారు. "నీ ఉయ్యాల వేరే పాపకు ఇచ్చేద్దామా" అంటే, మా చిన్నది బిస్కెట్టు కొరుకుతూ "ఇచ్చేయ్" అంది. మూడేళ్లది అలా కాక ఇంకెలా అంటుంది? అది వదిలేసుకున్నది దాని వాటా. మీ వాటా మీ దగ్గరే ఉంది.

దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టండి

మా ఉయ్యాల మా అమ్మమ్మది. సామర్లకోట దగ్గర పల్లెలో 1961లో మా తాతయ్య ఇల్లు కట్టించారు. ఎగువన అడవిలో కొట్టిన టేకును తెప్పలు కట్టి గోదావరి మీద వదిలితే రాజమండ్రిలో ఒడ్డుకు చేరేదని ఆయన చెప్పేవారు. అక్కణ్నుంచి తెచ్చిన కలపలో గుమ్మాలకూ కిటికీలకూ పోగా మిగిలిన ముక్కలతో వడ్రంగి ఈ ఉయ్యాల చేశాడు. నాలుగు మూలలా ఇనుప కొక్కేలు, వాటికి ఇత్తడి గొలుసులు, తలవైపు చెక్క మీద ఎదురెదురుగా రెండు హంసలు. అందులో ఒకదానికి ముక్కు లేదు. మా పెద్దమావయ్య అయిదేళ్లప్పుడు గిల్లికజ్జాలో విరగ్గొట్టాడట. కొత్త ముక్కు పెట్టించమని నాకు చాలామంది చెప్పారు. పెట్టించలేదు. మీరూ ఏదీ బాగుచేయించకండి. కొక్కెం అరిగితే మార్చాలి, తాడు పీచులేస్తే మార్చాలి, అది బిడ్డ ప్రాణానికి సంబంధించింది. ముక్కు విరిగిన హంస మాత్రం అలాగే ఉండాలి.

మా అమ్మమ్మకు ఆరు కాన్పులు. పన్నెండేళ్లపాటు ఆ ఉయ్యాల దూలం దిగలేదు. ఒకరు దిగేసరికి ఇంకొకరు వచ్చేవారు. ఆ తరవాత కూతుళ్ల పురుళ్లు. పురిటికి పుట్టింటికే కదా వస్తారు, అందుకని ఉయ్యాల ఉన్నచోటే ఉండేది, పిల్లలే వచ్చి పోయేవారు. ఉయ్యాలను ఏం చేయాలన్న ప్రశ్న ఆవిడకు ఎదురే కాలేదు. ఎదురైంది మనకు. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 2.6కు దిగింది. 2019-21 నాటి అయిదో సర్వేకు వచ్చేసరికి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. అంటే ఒక ఇంట్లో ఉయ్యాల మూడు నాలుగేళ్లు ఊగి, తరవాత పాతికేళ్లు ఊరికే ఉండాలి. ఆ పాతికేళ్లూ అది ఎక్కడుంటుందన్నదే మన తరం తేల్చుకోవాల్సిన సంగతి. పెద్దవాళ్ల దగ్గర దీనికి సలహా ఉండదు, ఆ అవసరమే వాళ్లకు రాలేదు. అందుకే ఈ ఒక్క విషయంలో నేను పెద్దల మాట తీసుకోను.

మా ఉయ్యాల అడుగు చెక్క తిరగేస్తే తాతయ్య మేకుతో గీసిన గీతలు కనబడతాయి. ఒక్కో బిడ్డకు ఒక్కో గీత, పక్కన నక్షత్రం పేరు. రోహిణి, హస్త, మళ్లీ హస్త. నాలుగో గీత పక్కన ఏమీ లేదు. ఆ బిడ్డ పదకొండో రోజు రాకుండానే పోయింది, బారసాల జరగలేదు, ఉయ్యాలలో వేయనే లేదు. అయినా తాతయ్య గీత గీశారు. ఆ గీత మిగతావాటికన్నా లోతుగా ఉంటుంది.

మా పెద్దది ఈ ఉయ్యాల ఎక్కలేదు. ఫ్లాటులో దూలం ఎక్కడిదని అప్పట్లో కాట్ కొన్నాం. అయినా తాతయ్య దారిలోనే నేను దానికీ ఒక గీత గీసి, చిత్త అని రాశాను. పక్కనే చిన్నదానికి ఇంకోటి. మీది బజార్లో కొన్న ఇనుప స్టాండు ఉయ్యాలైనా సరే, ఈ పని చేయండి. మేకుతో గీస్తే తుప్పు పడుతుంది, చెరగని మార్కరుతో అడుగున పేరూ తేదీ రాయండి. పేరు రాసి ఉన్న వస్తువును పాత ఇనుము కొనే అతని తక్కెడలో పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది.

దింపగానే విప్పకండి

పాప మంచానికి మారిందని తెలియగానే ఇంట్లో మగవాళ్లు స్క్రూడ్రైవరు వెతుకుతారు. దాచేయండి. కనీసం ఆరు నెలలు ఉయ్యాల ఎక్కడ వేలాడుతోందో అక్కడే వేలాడాలి.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది, ఖాళీ ఉయ్యాల ఇంట్లో ఊగకూడదని. నేను దాన్ని కొట్టిపారేయను. ఖాళీ ఉయ్యాల గాలికి దానంతటదే కదిలితే నాకూ గుండెలో ఏదోలా ఉంటుంది. అందుకని ఖాళీగా ఉంచకండి. మా ఇంట్లో బారసాలనాడు బిడ్డకన్నా ముందు సన్నికల్లు పొత్రాన్ని ఉయ్యాలలో వేసి ఊపుతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. మొదలు అలా అయినప్పుడు చివర కూడా ఉత్తచేతులతో ఉండకూడదు కదా. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు కాబట్టి రాయి వద్దు, ఒక బొంత చుట్టి పెట్టండి. నేను అదే చేశాను. కాస్త ఎదిగాక మా చిన్నది ఆ బొంతకు బొట్టు పెట్టి, తాడు పట్టుకుని, నేను పాడే లాలిపాటను తనకొచ్చిన మాటల్లో పాడి నిద్రపుచ్చుతోంది. మధ్యలో ఆపి నోటి మీద వేలేసుకుని నన్ను "ఉష్" అంది. ఉయ్యాల విప్పేసి ఉంటే, తను ఎలా ఊపబడిందో దానికి ఎప్పటికీ తెలిసేది కాదు.

పగలు ఎవరైనా వస్తే "ఇదింకా తీయలేదా" అంటారు. ఆదివారం తీస్తామని చెప్పండి. ఏ ఆదివారమో చెప్పక్కర్లేదు.

చోటు లేకపోతే డైనింగ్ టేబుల్ తీసేయండి

మా ఆయన టేపు పట్టుకొచ్చి కొలిచారు. ఉయ్యాల పొడవు 40 అంగుళాలు, వెడల్పు 22. ఆరు చదరపు అడుగుల పైమాటే. మా వైపు ఫ్లాటు ధర చదరపు అడుగు ఏడు వేలు. "నలభై రెండు వేల రూపాయల జాగా తింటోందోయ్ ఇది" అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. నేను అదే టేపు తీసుకుని డైనింగ్ టేబుల్ కొలిచాను. అయిదడుగులు, మూడున్నర. అంటే పదిహేడున్నర చదరపు అడుగులు, కుర్చీలు కాకుండా. దాని మీద మేం కూర్చుని తిన్నది చుట్టాలొచ్చినప్పుడే. మిగతా రోజుల్లో దాని మీద కరెంటు బిల్లులు, ఇస్త్రీ బట్టలు, మందుల డబ్బా. టేబుల్ ఇచ్చేశాం. ఇప్పుడు పీటలు వేసుకుని కింద కూర్చుని తింటున్నాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడకు మాత్రం ఒక కుర్చీ, చిన్న స్టూలు. హాల్లో ఉయ్యాల ఉంది, దాని చుట్టూ ఇంకా చోటు మిగిలింది.

ఇల్లు ఖాళీ చేసుకోవడం గురించి జపాన్ రచయిత్రి మేరీ కోండో పుస్తకం ప్రపంచమంతా చదివారు. వస్తువును చేతిలోకి తీసుకుని, అది సంతోషం కలిగిస్తే ఉంచమనీ లేకపోతే వదిలేయమనీ ఆవిడ పద్ధతి. ఆవిడే మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడం కొంతవరకు వదిలేశానని 2023లో చెప్పారు. నాకు ఆ మాట పుస్తకం కంటే ఎక్కువ నచ్చింది. ఉయ్యాలను చేతిలోకి తీసుకుంటే వచ్చేది ఒక్క సంతోషమే కాదు. దిగులు, నిద్రలేమి, జ్వరం వచ్చిన రాత్రులు, అన్నీ వస్తాయి. దుఃఖం కలిగించే వస్తువును కూడా ఉంచుకోవచ్చు.

అటక మీద పెట్టమంటారు. మన అమ్మమ్మల ఇళ్ల అటక మీద మనిషి కూర్చునేవాడు. ఇప్పటి ఫ్లాట్లలో అది రెండడుగుల ఎత్తు, సూట్‌కేసులు పడతాయి, ఉయ్యాల పట్టదు. బాల్కనీలో అసలే వద్దు, నా అనుభవం చెప్పాను. తప్పనిసరై విప్పాల్సి వస్తే బాత్రూం గోడకు దూరంగా, నేలకు తగలకుండా ఇటుకల మీద నిలబెట్టండి. టేకులో ఉండే సహజమైన నూనె వల్ల చెద తొందరగా పట్టదు. మామిడి చెక్క అయితే నెలకోసారి తిరగేసి చూడాల్సిందే. మేకులు, బోల్టులు ఒక గుడ్డలో మూటకట్టి ఉయ్యాలకే కట్టేయండి. ఇంకో డబ్బాలో వేశారంటే మళ్లీ దొరకవు.

గుడ్డలకు వేరే నియమం

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలో కేకేస్తుంది. ఆవిడకు ఏ చీరైనా ఇవ్వండి, ఉయ్యాలకు కట్టిన చీర మాత్రం ఇవ్వకండి. కొత్త చీర ఉయ్యాలకు పనికిరాదు. ఉతికి ఉతికి, గంజి అంతా పోయి, వెలిసిపోయిన నూలు చీరే బిడ్డ ఒంటికి హాయి. నేను కట్టింది మా అమ్మ చిలకాకుపచ్చ వెంకటగిరి. జరీ అంచు చించేసి, నాలుగు మడతలు వేసి కట్టాను. అమ్మ చూసి ఏమీ అనలేదు. అంచు మాత్రం అడిగి తీసుకుంది.

బొంత విషయంలో నా సలహా మీకు అసహ్యంగా అనిపించవచ్చు. చివరిసారి పాప పడుకున్న బొంతను ఉతక్కండి. బాగా ఎండలో వేసి, చెమ్మ లేకుండా ఆరనిచ్చి, పొడి స్టీలు డబ్బాలో మూత బిగించి పెట్టండి. పచ్చడి పెట్టిన డబ్బా వద్దు, ఎంత తోమినా ఆవఘాటు పోదు. పాలు, కొబ్బరినూనె, ఆముదపు కాటుక, ఆ వెనక ఏదో చెప్పలేని వాసన. ఏడాదికి ఒకసారి తీయండి. ఎక్కువసార్లు తీస్తే గాలికి పోతుంది. చూసినవాటి కంటే వాసన మనసులో గతాన్ని గాఢంగా లేపుతుంది. ఆ దారి మెదడులో జ్ఞాపకాలూ భావాలూ ఉండే చోటికి దగ్గరగా పోతుంది కాబట్టి. నేను మొన్న మూత తీశాను, కింద కూర్చుండిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది.

ఈ డబ్బాలో కలరా ఉండలు వేయకండి, ఇది మాత్రం వాదన లేకుండా వినండి. అవి నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిబిడ్డలకు ఆ వాసన పట్టిన బట్టలు కప్పితే రక్తకణాలు చితికి పచ్చకామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో చూసి చెప్పలేం. ఎండిన వేపాకు చాలు.

ఒక్కదాన్ని మాత్రం మీ చేత్తో పగలగొట్టండి

చక్రాల మధ్య బిడ్డను కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకరు. అది జ్ఞాపకమైనా సరే, ఫొటోల్లో ఎంత బాగున్నా సరే. నడక తొందరగా రాదు సరికదా, మెట్ల మీదికీ పొయ్యి దగ్గరికీ కన్ను మూసి తెరిచేలోగా తీసుకుపోతుంది. కెనడా దాన్ని 2004లోనే నిషేధించింది. ఎవరికీ ఇవ్వకండి. పాత సామాన్లవాడికి ఇచ్చేముందు సుత్తితో చక్రాలు విరగ్గొట్టండి, ఇంకెవరూ తమ బిడ్డను అందులో కూర్చోబెట్టకుండా. బిడ్డ వెనక నిలబడి తోసుకునే మూడు చక్రాల చెక్కబండి వేరు. అది దాచండి.

పాత రంగు వేసిన ఉయ్యాలలు, తొట్లెలు కూడా ఎవరికిబడితే వాళ్లకు ఇవ్వకండి. ఇంట్లో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎర్ర రంగు, పసుపు రంగు ఏం కలిపి చేశారో తెలియదు, పళ్లొచ్చే బిడ్డ మొదట నోరు పెట్టేది అంచుకే. మా ఉయ్యాలకు రంగు లేదు, నూనె రుద్దుతూ వచ్చారు. రంగున్నది మీ దగ్గర ఉంటే, దానిలో బొమ్మల్ని పడుకోబెట్టండి. పరాయి బిడ్డను కాదు.

అమ్మకండి, దానమూ చేయకండి

లేనివాళ్లకు ఇస్తే పుణ్యం అంటారు. నిజమే, ఇవ్వండి. కొత్తది కొని ఇవ్వండి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఏడో నెల వచ్చినప్పుడు ఉయ్యాల స్టాండు కొనిచ్చాను, దోమతెరతో సహా. "పాతదే ఇస్తారనుకున్నానమ్మా" అంది. తనకు కొత్తది ఎందుకు రాకూడదు? మనకు అక్కర్లేనిది ఇచ్చి పుణ్యం అనుకోవడం నాకు చేతకాలేదు. మనకు ప్రాణమైనది ఇచ్చేసి ఏడవడం కూడా చేతకాలేదు.

ఉయ్యాల ఇల్లు దాటాలంటే ఒకే దారి, చేబదులు. వడ్డీ ఉండదు, కాగితం ఉండదు, కానీ తిరిగి రావాలని ఇద్దరికీ తెలుసు. పంచదార ఇచ్చినట్టు, పదివేలు ఇచ్చినట్టు. ఎవరింట్లో మీరు పిలవకుండా వెళ్లి అన్నం పెట్టుకుని తినగలరో వాళ్లకే ఇవ్వండి. ఇచ్చేముందు పాతికకిలోల బియ్యం బస్తా ఒక రాత్రంతా అందులో పెట్టి వేలాడదీయండి. పొద్దున్న గొలుసు, కొక్కెం, కీళ్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడండి. కొత్త నూలు తాడు కట్టి పంపండి. ఆపైన షరతులు మొహమాటం లేకుండా చెప్పండి. వార్నిషు వేయకూడదు. మోటారు బిగించకూడదు, చేత్తోనే ఊపాలి. అడుగున వాళ్ల బిడ్డకు గీత గీయాలి. వాళ్ల బిడ్డ దిగాక ఇంకెవరికీ చేతులు మార్చకూడదు, ఇటే రావాలి. అడగడానికి చిన్నతనంగా ఉంటుంది. అడక్కపోతే మాత్రం అది మూడిళ్లు మారి, ఎవరి బాల్కనీలోనో ఉల్లిపాయలు మోస్తుంది.

ఇన్ని చెప్పినా మనుషులు మరిచిపోతారు. అందుకని ఉయ్యాలను ఎప్పుడూ మొత్తంగా ఇవ్వకండి. బిడ్డ భద్రతకు సంబంధం లేని భాగం ఒకటి దగ్గర పెట్టుకోండి. మా ఉయ్యాల పైన బిడ్డ చూసుకోవడానికి కట్టే నాలుగు చిలకలు ఏటికొప్పాకవి. అంకుడు కర్రను తిప్పుతూ లక్క పట్టించి చేస్తారు, ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మ కాలంనాటి చిలకలు ఎప్పుడో పోయాయి. ఇవి మా చిన్నదాని బారసాలకు నేనే అక్కడికి వెళ్లి తెచ్చినవి, పసుపువి రెండు, ఎర్రవి రెండు. పసుపుదాని రెక్క కింద లక్క కొద్దిగా పొంగి ఉంటుంది, మా చిన్నది ఎప్పుడూ దాన్నే చూసి నవ్వేది.

పోయిన నెల మా మరదలికి తొమ్మిదో నెల వచ్చింది. పురిటికి తునిలో పుట్టింట్లో ఉంది. తమ్ముడు వచ్చి ఉయ్యాల వ్యానులో వేసుకున్నాడు. గొలుసులు గోనెగుడ్డలో చుట్టి, అడుగు చెక్కకు దుప్పటి కప్పి, నేనే ఎక్కి చూసి దిగాను. మా ఆయన హాల్లో శ్లాబుకు బిగించిన కొక్కెం తీసేయమని ప్లంబరుకు ఫోన్ చేయబోతే ఆపాను. కొక్కెం ఉండాలి. రంగులు వేసేవాళ్లు వచ్చినా దాని చుట్టూనే వేయాలి.

మొన్న మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఉయ్యాల కట్టించాం. బావుంది. కానీ చిలకలు మూడే ఉన్నాయి. దారిలో ఒకటి పడిపోయినట్టుంది."

"పడిపోలేదు" అన్నాను. "పసుపుది ఇక్కడే ఉంది. కొక్కేనికి కట్టాను."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత నవ్వింది. "సరే వదినా, మూడో నెలలో బిడ్డనెత్తుకుని వస్తాను, అప్పుడు చూపిద్దువుగాని" అంది.

చిన్నది కుర్చీ ఎక్కి చిలకను ఊదుతోంది. ఫ్యాను గాలికి అది ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. అయినా ఊదుతుంది.